గోడ కట్టారు, కంత మర్చిపోయారు

నార్వే ఫ్రిగేట్ హెల్గె ఇంగ్‌స్టాడ్ కథ మన ఐటీ జనాలు తెలుసుకోవాల్సిందే. స్పెయిన్‌లో కట్టిన ఈ యుద్ధనౌక 2009లో విధుల్లో చేరింది. 2018 నవంబర్ 8 తెల్లవారుజామున ఒక ట్యాంకర్‌ని గుద్దుకుంది. ట్యాంకర్ లైట్లు చూసి, అదేదో ఒడ్డున కదలకుండా ఉన్నదనుకున్నారట! 137 మందీ బతికారు, నౌక మునిగింది.

అసలు సంగతేంటంటే, గదికీ గదికీ మధ్య నీళ్ళు దాటని గోడలున్నాయి. కానీ వాటిగుండా వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టులు బోలువి. గేర్ల గదిలోకి నీళ్ళు అందులోంచే వచ్చాయి. తలుపులన్నీ మూసేసి దిగుంటే మునిగేది కాదని 2021 నివేదిక తేల్చింది. 2023లో కోర్టులో నిలబడింది మాత్రం డ్యూటీ ఆఫీసర్ ఒక్కడే.

మనమూ అంతేగా? సర్వర్ పడితే నైట్ షిఫ్ట్ కుర్రాడి మీద పడతాం. వాడిది తప్పే, సరే. ఆ కంత వదిలిందెవరు, తలుపులు మూయడం నేర్పనిదెవరు? అదీ అడగాలంటాను. మీరేమంటారు?