చెపాక్ అంటే క్రికెట్ మైదానమేనా?

చెన్నైకి తొలిసారి బయలుదేరే కుటుంబానికి మన ఊళ్లలోని అనుభవజ్ఞులు ఒక జాబితా అప్పగిస్తారు. తెల్లవారగానే మెరీనా, ఆపైన శాంథోమ్ చర్చి, మైలాపూరు కపాలీశ్వరాలయం, ఎగ్మూరు మ్యూజియం, పిల్లలుంటే వండలూరు జూ, సాయంత్రం టీ.నగర్ బట్టల దుకాణాలు, మరునాడు మహాబలిపురం. ఈ జాబితాతో మాకు పేచీ లేదు. అందులోని ప్రతి ఒక్కటీ చూడదగినదే. అందులో లేనివాటి గురించే మా పేచీ. నెల్లూరు నుంచి, కడప నుంచి, కర్నూలు నుంచి వైద్యం కోసమో, పెళ్లి బట్టల కోసమో ఏటా ఆ నగరానికి వెళ్లే ముస్లిం కుటుంబాలు సైతం ఇదే జాబితా పట్టుకొని తిరుగుతున్నాయి. తమ చరిత్రకు కూతవేటు దూరంలో ఐస్‌క్రీం తిని, ఫోటోలు దిగి, ఇంటికి వస్తున్నాయి.

ఇతరులను నిందించే ముందు మా సంగతి చెప్పుకోవడం న్యాయం. నాలుగు కుటుంబాలు కలిసి ఒక వ్యాను మాట్లాడుకొని వెళ్లాం. వెంట వచ్చిన గైడు వాలాజా రోడ్డు మలుపులో చెయ్యి చూపించి, "ఇది చెపాక్, ధోనీ ఆడే గ్రౌండు" అన్నాడు. వెనక సీటులోని ఎనిమిదేళ్ల పాప, "అబ్బా, ఆ చెట్ల వెనక గుమ్మటాలున్నాయి, మసీదా?" అని అడిగింది. "కాదు బేటా, ఏదో గవర్నమెంటు ఆఫీసు" అన్నాడు తండ్రి. నిజానికి ఆయన అబద్ధమాడలేదు. అక్కడున్నవి ప్రభుత్వ కార్యాలయాలే. కాని వ్యానులో ఉన్న పదకొండుగురు పెద్దలలో, అందునా ఇద్దరు ఉపాధ్యాయులు, అది ఎవరి ఇల్లో చెప్పగలిగినవారు ఒక్కరూ లేకపోయారు.

అది ఆర్కాటు నవాబు ముహమ్మద్ అలీ వాలాజా 1768లో కట్టించిన చెపాక్ రాజభవనం. హుమాయూన్ మహల్, కలస్ మహల్ అనే రెండు భాగాలుగా 117 ఎకరాల ఆవరణలో వెలిసింది. ఆ రోజుల్లో సముద్రం ఇంత దూరంలో ఉండేది కాదు. 19వ శతాబ్దం చివర హార్బరు గోడలు కట్టాక ఇసుక మేటవేసి మెరీనా ఇంత వెడల్పయింది. నవాబు తోట ముంగిట అలలు విరిగేవి. మనం క్రికెట్ చూసే మైదానం కూడా ఆ తోటలోని ముక్కే. స్టేడియానికి దారితీసే రోడ్డుకు వాలాజా పేరు ఇంకా ఉంది. రోజూ వేల మంది ఆ పేరును పలుకుతారు, ఆ మనిషిని తలచుకోరు.

ఇక గైడు పుస్తకాల సంగతి. మెరీనా వెంట ఉన్న మద్రాసు విశ్వవిద్యాలయపు సెనేట్ హౌస్‌ను, ఆ వరుసలోని ఎర్రటి కట్టడాలను అవి "ఇండో-సారసెనిక్" శైలి అని వర్ణిస్తాయి. ఆ ఘనతను రాబర్ట్ చిజోమ్ అనే ఆంగ్ల వాస్తుశిల్పికి కట్టబెడతాయి. సారసెన్ అన్నది ఐరోపావారు ఒకనాడు ముస్లింలకు పెట్టిన పేరు. శైలి పేరులో ముస్లిం ఉన్నాడు, వర్ణనలో లేడు! ఆ శైలికి తొలి నమూనాలలో ఒకటిగా చెప్పే భవనం చిజోమ్ కంటే సుమారు నూరేళ్లు ముందే ఆ ఒడ్డున నిలబడి ఉంది. చిజోమ్ చేసింది దాని రెండు భాగాల నడుమ ఒక బురుజు కట్టడం. ఒక నగరాన్ని తొలిసారి చూడవచ్చిన మనిషికి ఇల్లు కట్టుకున్నవాడిని దాచి, బురుజు అతికించినవాడిని చూపించడం ఏ రకమైన ఆతిథ్యం?

అయితే నవాబును అమాయక బాధితుడిగా చిత్రించే ఉద్దేశం మాకు లేదు. మన పత్రికల్లో ఆ అలవాటు కొంత ముదిరింది; గతించిన ప్రతి తలపాగాకూ సలాము చేస్తాం. ముహమ్మద్ అలీ కంపెనీ ఫిరంగుల నీడ కోసమే ఆర్కాటు వదిలి మద్రాసు చేరాడు. ముందు కోటలోపలే ఇల్లు కట్టుకోవాలని చూశాడు. కంపెనీ ఉద్యోగుల దగ్గరే అంతులేని వడ్డీలకు అప్పులు చేశాడు. ఆ రుణదాతలలో పేరుమోసిన పాల్ బెన్‌ఫీల్డే ఈ రాజభవనాన్ని కట్టాడని చెబుతారు. ఆ అప్పుల భాగోతం లండను దాకా పోయింది. 1785లో ఎడ్మండ్ బర్క్ బ్రిటిష్ పార్లమెంటులో దానిపై గంటల తరబడి ప్రసంగించాడు. ఆ వడ్డీలను చివరికి చెల్లించినది ఎవరు? నెల్లూరు నుంచి తిరునల్వేలి దాకా ఉన్న రైతులు, హిందువులూ ముస్లింలూ. 1801లో వెలెస్లీ కర్ణాటక పాలనను కాగితం మీద సంతకంతో లాక్కున్నాడు. 1855లో గులాం ముహమ్మద్ గౌస్ ఖాన్ మగసంతానం లేకుండా మరణించగానే డల్హౌసీ నవాబు పదవినే రద్దు చేశాడు. అప్పుల పేరిట వేలానికి వచ్చిన చెపాక్‌ను మద్రాసు ప్రభుత్వమే కొనుక్కుంది. కత్తి దూయలేదు, తుపాకి పేలలేదు. అంతా దస్తావేజుల మీద జరిగిపోయింది. ఆ వంశీకులకు ఆర్కాటు ప్రిన్స్ అనే బిరుదు, పెన్షను, కొంతకాలానికి రాయపేటలో అమీర్ మహల్ అనే నివాసం మిగిలాయి.

ఇదంతా తమిళుల చరిత్ర, మనకేమని అనేవారుంటారు. రొట్టెల పండుగనాడు నెల్లూరు బారాషహీద్ దర్గా చెరువులో నిలబడి రొట్టె మార్చుకునేవారు ఆ కథలో వచ్చే ఆర్కాటు నవాబు ఎవరనుకుంటున్నారు? 1953 అక్టోబరు దాకా మన రాయలసీమకూ కోస్తాకూ రాజధాని మద్రాసే కదా! కర్నూలు ఉస్మానియా కళాశాలను 1947లో స్థాపించిన డాక్టర్ అబ్దుల్ హఖ్, ఇవాళ మన ఉర్దూ విశ్వవిద్యాలయానికి పేరైన అబ్దుల్ హఖ్, మెరీనా ఎదుటి ప్రెసిడెన్సీ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. 1951లో రాయపేటలో న్యూ కాలేజీ వెలయడం వెనక ఉన్నదీ ఆయన కృషే. ఆ గోడ పక్కనుంచి మన పిల్లలు షాపింగుకు వెళుతుంటారు.

ప్రభుత్వం చెప్పకపోతే మనం చెప్పుకోవచ్చు. అందుకు పెద్ద ఖర్చేమీ లేదు. చెపాక్ స్టేషనులో లోకల్ రైలు దిగి, భవనాన్ని బయటినుంచి చూసి, తిరువల్లిక్కేణి వైపు నడవండి. ట్రిప్లికేన్ హైరోడ్డులో వాలాజా పెద్ద మసీదు ఎదురవుతుంది. 1795లో నవాబు కుటుంబం కట్టించినది. అంతా బూడిదరంగు రాతి కట్టడం. కలప గాని ఇనుము గాని వాడలేదని చెబుతారు. లోపల రాతిమీద చెక్కిన పారసీ తేదీ పద్యాన్ని రచించినవాడు నవాబు మున్షీ అయిన రాజా మఖన్‌లాల్ ఖిరత్, ఒక హిందువు. ఆ ఆవరణలోనే ఫిరంగీ మహల్ పండితుడు బహ్రుల్ ఉలూమ్ మౌలానా అబ్దుల్ అలీ సమాధి ఉంది. లక్నో నుంచి ఇంత దూరం వచ్చి 1810లో ఇక్కడే కన్నుమూశారు. రాజ్యాంగ సభలో సభ్యుడిగా ఉండి, 1948 మార్చి 10న ఇదే నగరంలో ముస్లిం లీగును భారత యూనియన్ పేరుతో తిరిగి నిలబెట్టిన ఖాయిదే మిల్లత్ ముహమ్మద్ ఇస్మాయిల్ సాహెబ్ సమాధీ ఇక్కడిదే. రంజాన్‌లో వెళ్లినవారికి మరో దృశ్యం కనిపిస్తుంది. దేశ విభజనలో సింధు ప్రాంతం వదిలి వచ్చిన ఒక హిందువు నెలకొల్పిన సూఫీదార్ ట్రస్టు సేవకులు దశాబ్దాలుగా ఈ మసీదులో ఉపవాసులకు ఇఫ్తార్ వడ్డిస్తున్నారు. విభజనలో ఇల్లు పోగొట్టుకున్నవారు కసిని వారసత్వంగా మోయక గంజి గిన్నె మోస్తున్నారు. మన మీద రోజూ విషం చిమ్మే టీవీ చర్చలకు ఒక్క సాయంత్రమైనా ఈ ఆవరణ కనబడదేం?

మరి మన తప్పు? ఆ ప్రయాణంలో జొహర్ వేళకు దారిలోని ఒక మసీదు దగ్గర వ్యాను ఆపాం. మగవాళ్లం నమాజుకు వెళ్లాం. ఆడవాళ్లు నలభై నిమిషాలు ఎండలో వ్యానులోనే కూర్చున్నారు. స్త్రీలకు చోటు ఉందేమో అని అడగాలన్న ఆలోచన మాలో ఒక్కరికి రాలేదు. చరిత్రలో మనకు చోటు లేదని గొంతు చించుకునే మనం, మన ఇంటి సగం మందిని గడప బయట ఉంచి వచ్చాం. పిల్లలకు కథ చెప్పేది తల్లులే అయినప్పుడు, తల్లులు చూడని మసీదు పిల్లల జ్ఞాపకంలో ఎలా మిగులుతుంది?

ఇది కేవలం వినోదానికి సంబంధించిన విషయమైతే ఇన్ని పుటలు వెచ్చించేవాళ్లం కాదు. 2025 నాటి వక్ఫ్ సవరణ చట్టం 'వాడుక ద్వారా వక్ఫ్' అన్న భావనను ఇకమీదటికి తొలగించింది. ఉన్న ఆస్తుల వివరాలను ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించమంది. చెపాక్ వక్ఫ్ కాదు, రాజభవనం. ఆ తేడా మాకు తెలుసు. కాని కాగితం ముందు జ్ఞాపకం ఓడిపోయే తీరు రెండు చోట్లా ఒకటే. మన తాలూకాల్లో ఎన్ని చిన్న మసీదులు, కబరస్తాన్‌లు, ఆషూర్‌ఖానాలు ముతవల్లీ ఒక్కడి జ్ఞాపకం మీద నిలబడి ఉన్నాయో లెక్క తీయండి. దారిన పోతూ ఆగి చూసేవారు, ఫోటో తీసేవారు, తేదీ రాసుకునేవారు ఉన్న చోటును కాజేయడం కొంచెం కష్టం. ఎవరూ చూడని చోటుకు సాక్షులు ఉండరు.

చలికాలంలో ఆ పాపను, ఈసారి ఆమె తల్లిని కూడా వెంటబెట్టుకొని మళ్లీ వెళ్లాం. ముందుగానే కబురుపెట్టి అడిగాం, అనుమతి దొరికింది. మఖన్‌లాల్ పద్యం ముందు నిలబడ్డాం. "ఏం రాశారు?" అంది పాప. మాలో ఉర్దూ చదివేవారు ముగ్గురున్నారు, పారసీ తెలిసినవారు లేరు. ఫోటో తీసుకొని వచ్చాం. పాఠకులలో చదివి తెలుగులో చెప్పగలవారు ఎవరైనా ఉంటే పత్రికకు రాయండి, పాప ఇంకా అడుగుతూనే ఉంది.