21 దాటితే పందెం పోయినట్టే!

రమ్మీలా ముక్కలు కలపక్కర్లేదు. చేతిలోని ముక్కల మొత్తం 21 దాటకుండా, డీలరు కన్నా ఎక్కువుంటే గెలుపు. అదే బ్లాక్‌జాక్.

రాజు, రాణి, జాకీ పదేసి లెక్క. ఆసుని 1గానో 11గానో, ఏది కలిసొస్తే అలా వాడుకోవచ్చు. మొదట చెరో రెండు ముక్కలు. డీలరు ముక్కల్లో ఒకటే కనిపిస్తుంది. మరో ముక్క కావాలంటే 'హిట్', చాలనుకుంటే 'స్టాండ్'. డీలరుకి మాత్రం ఇష్టాయిష్టాల్లేవు. 16 దాకా తీయాల్సిందే. సాధారణంగా 17 వస్తే ఆగాల్సిందే.

మరి క్యాసినోకి లాభమెలా? ముందు ముక్క తీసేది ఆటగాడు. మొత్తం 21 దాటిందా, పందెం అక్కడికక్కడే పోతుంది. తర్వాత డీలరు కూడా దాటినా ఆ డబ్బు వెనక్కి రాదు. కిటుకంతా ఇదే.

ఎప్పుడు తీయాలో, ఎప్పుడు ఆగాలో అమెరికా సైన్యంలో ఉండగా నలుగురు కట్టిన లెక్కలు 1956లో అచ్చయ్యాయి. డీలరు ముక్క 4, 5, 6ల్లో ఏదైనా అయితే చేతిలో 12 ఉన్నా ఆగడమే మేలు. అప్పుడు డీలరే 21 దాటే అవకాశం ఎక్కువ.

ఇలా ఆడితే నష్టం తగ్గుతుందే కానీ పూర్తిగా పోదు. ఇంట్లో చింతపిక్కలు పందెం పెట్టుకుంటే సరదా, పిల్లలకి కూడికలూ వస్తాయి. డబ్బు పెట్టి ఎంతసేపు కూర్చుంటే, లెక్క అంతగా క్యాసినో వైపే మొగ్గుతుంది.