పట్టుబడే కిలోలు సరే, చేతులు మారే సిరంజీల మాటేమిటి?

2024 జులైలో త్రిపుర నుంచి వచ్చిన ఓ వార్త దేశవ్యాప్తంగా కలకలం రేపింది. 828 మంది విద్యార్థులకు హెచ్ఐవీ సోకిందని, వారిలో 47 మంది చనిపోయారని దాని సారాంశం. ఇదంతా ఈ మధ్యే జరిగినట్టుగా సోషల్ మీడియాలో ప్రచారం సాగింది. దాంతో త్రిపుర రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సొసైటీ వివరణ ఇచ్చింది. అవి 2007 ఏప్రిల్ నుంచి 2024 మే వరకు, అంటే 17 ఏళ్లలో ఏఆర్టీ కేంద్రాల్లో నమోదైన విద్యార్థుల లెక్కలని చెప్పింది.

వివరణతో భయం తగ్గింది. దాంతోపాటే చర్చ కూడా ఆగిపోయింది. కానీ ఆ వార్తలో అసలు విషయం అంకె కాదు. ఈ కేసులకు ప్రధాన కారణంగా అధికారులు చెప్పింది మత్తుమందును ఇంజెక్షన్ రూపంలో తీసుకోవడం, ఒకే సిరంజీని పలువురు వాడటం. ఆ కారణం త్రిపురకే పరిమితమైంది కాదు.

ఈశాన్యం చెబుతున్న పాఠం

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2021 అంచనాల ప్రకారం దేశంలో వయోజనుల్లో హెచ్ఐవీ వ్యాప్తి 0.21 శాతం. మిజోరంలో అది 2.70 శాతం, నాగాలాండ్‌లో 1.36, మణిపూర్‌లో 1.05. ఈ మూడు రాష్ట్రాలకూ మయన్మార్‌తో సరిహద్దు ఉంది. 2022లో తాలిబన్లు నల్లమందు సాగును నిషేధించాక అఫ్గానిస్తాన్‌లో ఉత్పత్తి కుప్పకూలింది. 2023 నాటికి మయన్మార్ ప్రపంచంలోనే అతిపెద్ద ఉత్పత్తిదారుగా మారిందని ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల విభాగం ప్రకటించింది. సరిహద్దుకు అవతల జరిగే ఈ మార్పుల ప్రభావం ముందుగా పడేది ఈ రాష్ట్రాల మీదే.

ఇంజెక్షన్ ద్వారా మత్తుమందు తీసుకునేవారిని విడిగా చూస్తే సమస్య ఇంకా స్పష్టమవుతుంది. 2021 నాటి నాకో సర్వేలో వారిలో హెచ్ఐవీ దాదాపు 9 శాతం. సెక్స్ వర్కర్లలో ఉన్నదానికంటే ఇది చాలా ఎక్కువ.

సూదిలో మిగిలే రక్తం

ఇంజెక్షన్ చేసుకున్నాక సూదిలో, సిరంజీలో కొద్దిగా రక్తం మిగిలిపోతుంది. అదే సిరంజీ రెండో వ్యక్తి చేతికి వెళితే ఆ రక్తం నేరుగా అతని నరంలోకి చేరుతుంది. ఇలా హెచ్ఐవీ కంటే సులువుగా పాకేది హెపటైటిస్ సి. ఏళ్ల తరబడి ఏ లక్షణమూ లేకుండా కాలేయాన్ని దెబ్బతీసి, సిర్రోసిస్ లేదా క్యాన్సర్ దశలో బయటపడుతుంది. వీటికి తోడు మురికి సూదుల వల్ల చీము గడ్డలు, గుండె కవాటాలకు ఇన్ఫెక్షన్లు వస్తాయి. మింగడానికి తయారుచేసిన మాత్రలను, క్యాప్సూళ్లలోని పొడిని కరిగించి ఎక్కించుకున్నవారిలో రక్తనాళాలు మూసుకుపోయి, చేయో కాలో తీసేయాల్సి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

పొగ రూపంలో పీల్చేవారు సూది వైపు ఎందుకు మళ్లుతారు? చాలావరకు డబ్బు లెక్క. నరంలోకి ఎక్కిస్తే తక్కువ సరుకుతోనే ఎక్కువ మత్తు వస్తుంది. దాడులు పెరిగి, సరుకు దొరక్క, ధర పెరిగినప్పుడు కొందరు మానేస్తారు. మరికొందరు సూదికో, మందుల షాపులో దొరికే ప్రత్యామ్నాయానికో మారతారు. చికిత్స అందుబాటులో లేకుండా సరఫరాను మాత్రమే బిగిస్తే ముప్పు రూపం మార్చుకుంటుంది తప్ప పోదు.

ఒకే మనిషి, రెండు చట్టాలు

మాదకద్రవ్యాల నిరోధానికి 1985లో తెచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం హెరాయిన్ తీసుకోవడమే నేరం. ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే బాధితులకు 64ఎ సెక్షన్ కింద కొంత రక్షణ ఉంది. మరోవైపు 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టంలోని 22వ సెక్షన్, వ్యాధి వ్యాప్తిని తగ్గించే కార్యక్రమాలను నేరంగా చూడకూడదంటుంది. వాడిన సూది తీసుకుని శుభ్రమైన సూది ఇచ్చేవారు, పుచ్చుకునేవారు ఇద్దరూ దోషులు కారని ఉదాహరణతో సహా చెబుతోంది.

అంటే జేబులో కొత్త సిరంజీ ఉన్న యువకుడు ఆరోగ్య శాఖ దృష్టిలో కార్యక్రమ లబ్ధిదారు, పోలీసు తనిఖీలో అనుమానితుడు. ఈ భయం ఉన్నంతకాలం అతను కేంద్రానికి రాడు. సిరంజీని వెంట ఉంచుకోకుండా ఎక్కడో దాచిన పాతదాన్నే మళ్లీ వాడతాడు.

శుభ్రమైన సూదులిస్తే అలవాటును ప్రోత్సహించినట్టే కదా అనే ప్రశ్న సహజం. దశాబ్దాలుగా వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలు ఈ అనుమానాన్ని బలపరచలేదు. పైగా సూది కోసం వచ్చే మనిషే పరీక్షకు, చికిత్సకు చిక్కుతాడు. మరోచోట అతన్ని వెతికి పట్టుకోవడం ఆరోగ్య సిబ్బందికి దాదాపు అసాధ్యం.

మందులున్నాయి, దారే ఇరుకు

నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ మాత్ర హెరాయిన్ కోసం శరీరం పడే తపనను అదుపు చేస్తుంది, సూది అవసరాన్ని తగ్గిస్తుంది. నాకో ఈ ప్రత్యామ్నాయ చికిత్సను 2008 ప్రాంతంలోనే తన కార్యక్రమంలో చేర్చింది. రోజూ కేంద్రానికి వచ్చి సిబ్బంది ముందే మాత్ర వేసుకోవాలన్న నిబంధన కూలి పని చేసుకునేవారికి భారమైంది. 2017లో ప్రత్యేక క్లినిక్‌లు తెరిచిన పంజాబ్, కొవిడ్ లాక్‌డౌన్ కాలంలో కొన్ని రోజుల మాత్రలను ఇంటికి ఇచ్చింది.

హెపటైటిస్ సికి 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద మందులు ఉచితం. సాధారణంగా 12 వారాలు వాడితే నూటికి 90 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. మోతాదు మించి ఊపిరి ఆగిపోతున్న మనిషిని నలాక్సోన్ నిమిషాల్లో కాపాడగలదు. జైలు నుంచో డీఅడిక్షన్ కేంద్రం నుంచో బయటికొచ్చిన తొలి రోజుల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ. తట్టుకునే శక్తి తగ్గిన శరీరానికి పాత మోతాదే ప్రాణాంతకం. ఆ మందు మన దేశంలో ప్రధానంగా ఆసుపత్రులకే పరిమితం.

తెలుగు రాష్ట్రాల సంగతి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలో మత్తు అనగానే గంజాయి, ఈగల్ బృందాల దాడులే గుర్తొస్తాయి. గంజాయిని ఎవరూ నరంలోకి ఎక్కించుకోరు కాబట్టి సూది సమస్య మనది కాదనిపిస్తుంది. కానీ 2019లో ఎయిమ్స్ నిపుణులు వెలువరించిన జాతీయ సర్వే, దేశంలో సుమారు 8.5 లక్షల మంది ఇంజెక్షన్ ద్వారా మత్తుమందు తీసుకుంటున్నారని అంచనా వేసింది. వారి సంఖ్య ఎక్కువగా ఉన్న రాష్ట్రాల జాబితాలో ఈ రెండూ ఉన్నాయి. వారిలో హెరాయిన్ వాడేవారు ఎందరో, ఔషధాలుగా తయారైన నల్లమందు తరగతి మందులు వాడేవారూ దాదాపు అందరే.

ఇక్కడ హెచ్ఐవీ ప్రధానంగా లైంగిక సంబంధాల ద్వారానే వ్యాపించింది. 2021లో వ్యాప్తి ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47. జాతీయ సగటు కంటే రెండు, మూడు రెట్లు ఎక్కువగా ఉన్న చోట సూది దారి కూడా తెరుచుకుంటే, ఏళ్ల శ్రమతో సాధించిన తగ్గుదల నిలవదు.

పట్టుకున్న సరుకు బరువు, అరెస్టుల సంఖ్య క్రమం తప్పకుండా ప్రకటిస్తున్నారు. ఎన్ని కొత్త సిరంజీలు ఇచ్చారు, ఎందరు బుప్రెనార్ఫిన్ చికిత్సలో కొనసాగుతున్నారు, ఎందరికి హెపటైటిస్ సి నయమైంది అన్న వివరాలు కూడా జిల్లాలవారీగా అదే వేదిక మీద ప్రకటించాలి. త్రిపురలో 17 ఏళ్ల లెక్క ఒక్కసారిగా బయటపడి జనం ఉలిక్కిపడటానికి, మధ్యలో ఆ లెక్కను ఎవరూ అడగకపోవడమూ ఒక కారణం.