దుమ్ము మింగినోళ్ల లెక్కేదీ?

బళ్లారి: ఎన్ని టన్నుల ఇనుప ఖనిజం తవ్వారో, ఎంత దొంగదారిన రేవులకు చేరిందో 2011లో లోకాయుక్త సంతోష్ హెగ్డే నివేదిక పేజీలకు పేజీలు చెప్పింది. ఆ రాయి పగలగొట్టి, జల్లెడ పట్టి, లారీలకెత్తిన కూలీల ఊపిరితిత్తుల లెక్క అంత తేలిగ్గా తేలేది కాదు.

చైనా గిరాకీ పెరిగాక 2003 నుంచి హొస్పేట, సండూరు చుట్టుపక్కల పట్టా పొలాల్లోనూ గుంతలు తవ్వారు. ఆడవాళ్లు, పిల్లలు సైతం సుత్తి పట్టారు. మేస్త్రీ చేతికిచ్చే కూలి తప్ప మస్టరు లేదు, గుర్తింపు కార్డు లేదు. మొహానికి చుట్టుకున్న తువ్వాలే మాస్కు. 2011 జూలై 29న సుప్రీంకోర్టు తవ్వకాలు ఆపించడంతో గుడిసెలు ఖాళీ అయ్యాయి. ఎవరు ఏ ఊరు పోయారో పని చేయించుకున్నోళ్లకే తెలీదు.

చిక్కంతా ఇక్కడే. ఇనుము దుమ్ము ఒక్కటే అయితే ముప్పు తక్కువే. సండూరు కొండల్లో ఖనిజంతో పాటు పలుగురాతి పొరలూ ఉన్నాయి. అందులోని సిలికా పొడి లోపలికి పోతే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. అదే సిలికోసిస్. పని మానేసినా ముదురుతుంది, నయం చేసే మందు లేదు. బయటపడటానికి మామూలుగా పది, ఇరవయ్యేళ్లు పడుతుంది. అంటే 2005లో రాళ్లు కొట్టినోళ్లకు ఇప్పుడే ఆ గడువు. ఆయాసమని ఆస్పత్రికి పోతే టీబీ మందులు రాసేస్తారు. సిలికోసిస్ ఉన్నోళ్లకు టీబీ తొందరగా అంటుకుంటుంది కాబట్టి అదీ పూర్తిగా తప్పనలేం. కానీ 'ఇదివరకు ఏం పని చేసేవాడివి?' అని అడిగే డాక్టరు ఎందరు? పరిహారం కావాలంటే ఫలానా గనిలో చేశానన్న కాగితం చూపాలి. అదెక్కడ తేవాలి?

మనోళ్లు ఎందరో దిగిన కోలారు బంగారు గనుల్లో 1940-46 మధ్య 7,653 మందిని పరీక్షిస్తే 40 శాతానికి పైగా సిలికోసిస్ తేలింది. కంపెనీ పుస్తకాల్లో పేర్లున్నాయి కనుక తేలింది.

డబ్బుల్లేక కాదు. 2015 చట్ట సవరణతో జిల్లా ఖనిజ నిధి వచ్చింది. గనుల ప్రాంత పునరుద్ధరణకు రూ.24 వేల కోట్లు దాటిన ప్రణాళికకు 2022లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. భవనాలకు టెండర్లు పిలవడం సులువు, పాత కూలీని వెతకడమే కష్టం. రాజస్థాన్ 2019లో ప్రత్యేక విధానం తెచ్చి, జబ్బు తేలితే రూ.3 లక్షలు, చనిపోతే కుటుంబానికి రూ.2 లక్షలు ఇస్తోంది. ఇక్కడా అలాంటిది రావాలంటే సండూరుతో ఆగితే చాలదు. సరిహద్దు దాటి డి.హీరేహాళ్, రాయదుర్గం పల్లెల్లోనూ ఎక్స్‌రే క్యాంపులు పెట్టాలి. కాగితం లేనోడి నోటిమాటను, తోటి కూలీల సాక్ష్యాన్ని రుజువుగా రాసుకోవాలి.