నడక నేర్పే క్రమశిక్షణ

మానవుడు మచ్చిక చేసుకున్న జంతువులలో మొట్టమొదటిది కుక్క. ఆవు, మేక, గుర్రం మొదలైనవి తరువాతి కాలంలో అతని చెంత చేరాయి. కుక్క అంతకు ఎంతో ముందే, మనిషి వేటాడి బ్రతికే రోజులలోనే, అతని వెంట నడిచింది. జర్మనీ దేశంలో బాన్ నగరం వద్ద 1914లో బయటపడిన ఒక సమాధిలో ఇద్దరు మనుషుల ఎముకలతో పాటు ఒక కుక్కపిల్ల ఎముకలు కూడా ఉన్నాయి. ఆ సమాధి సుమారు 14 వేల సంవత్సరాల నాటిదని శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. మహాప్రస్థాన సమయంలో తన వెంట నడిచి వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానని ధర్మరాజు పట్టుబట్టిన కథ తెలుగువారికి సుపరిచితం. మనిషికీ కుక్కకూ గల చెలిమి కలిసి నడవడంతోనే బలపడింది. నగర జీవితంలో నేడు కరవైనది ఆ నడకే. దానిని తిరిగి తెచ్చుకుంటే కుక్కకు క్రమశిక్షణ, యజమానికి ఆరోగ్యం, ఇరుగుపొరుగువారికి నెమ్మది ఒక్క ప్రయత్నంతో సమకూరుతాయి.

చెన్నై నగరపు ఉత్తర భాగంలోని పెరంబూరునే ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇది రైలుతో పెరిగిన పేట. రైల్వే కర్మాగారాలు, 1955లో ప్రారంభమైన రైలు పెట్టెల కర్మాగారం, రైల్వే ఆసుపత్రి దీనికి పేరు తెచ్చాయి. పనిని వెతుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాలు తమిళుల మధ్య, ఆంగ్లో ఇండియన్ల మధ్య తరతరాలుగా ఇక్కడ నివసిస్తున్నాయి. పేటలో ఇండ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. చాలా వీధులలో ఒకరి వాకిలి ముందు నుండే మరొకరు నడవాలి. బడికి పోయే పిల్లలు, కూరగాయల బండ్లు, సైకిళ్లు, ఆటోలు అన్నింటికీ అదే దారి. ఇటువంటి చోట కుక్కను పెంచడం ఒక కుటుంబపు సొంత విషయంగా మిగలదు. అది వీధి అంతటికీ సంబంధించిన విషయమవుతుంది.

చాలా ఇండ్లలో జరుగుతున్నది ఏమిటి? ముచ్చటపడి కుక్కపిల్లను తెస్తారు. అది చిన్నదిగా ఉన్నప్పుడు మీదికి ఎగిరినా, చెప్పులు కొరికినా నవ్వుకుంటారు. ఆరు నెలలు గడిచి అది బలం పుంజుకోగానే ఆ చేష్టలే బెడదగా తోస్తాయి. అప్పుడు దానిని మేడమెట్ల క్రిందనో, వసారాలోనో గొలుసుతో కట్టివేస్తారు. కట్టివేసిన కుక్కకు పరుగు లేదు, పని లేదు. ఒంటిలోని శక్తి పోయే మార్గం లేక అది మొరుగుతుంది, త్రవ్వుతుంది, కనిపించినదానిని కొరుకుతుంది. ఎప్పుడైనా బయటికి తీసుకువెళితే యజమానిని ఈడ్చుకుపోతుంది. దానితో బయటికి తీసుకువెళ్లడం కూడా మానివేస్తారు. చివరకు కొందరు దానిని దూరంగా తీసుకుపోయి విడిచి వస్తారు. “కుక్క తోక వంకర” అని సామెత చెప్పి సరిపెట్టుకుంటారు. ఇందులో వంకర కుక్క తోకది కాదు, పెంపకానిది. “మొక్కై వంగనిది మానై వంగునా” అన్న సామెతనే వారు ముందుగా గుర్తు చేసుకొని ఉండవలసింది.

అదే ఇంటి యజమాని సంగతి చూడండి. పగలంతా కుర్చీలో కూర్చొని పనిచేసి, సాయంత్రం టెలివిజన్ ముందు కూర్చుంటాడు. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వేగం గల వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు వడిగా నడిస్తే ఈ లెక్క సరిపోతుంది. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో బాధపడుతున్నారని భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన పరిశీలన 2023లో వెల్లడించింది. నడవమని వైద్యులు చెబుతూనే ఉంటారు. నాలుగు రోజులు నడిచి అయిదవ రోజున మానివేయడం మనిషికి అలవాటు. కుక్కకు మాత్రం సెలవు రోజు అంటూ లేదు. తెల్లవారగానే అది వాకిలి దగ్గర నిలబడి యజమాని ముఖం చూస్తుంది. అంతకంటే నమ్మకమైన వ్యాయామ గురువు ఎవరికి దొరుకుతాడు?

ఒంటరిగా కట్టివేసిన కుక్కకూ, కదలక కూర్చున్న యజమానికీ కావలసిన మందు ఒక్కటే. కాని వట్టి నడక చాలదు. కుక్క ముందుకు లాగుతుంటే యజమాని వెనుకకు లాగుతూ సాగే నడక వల్ల ఇద్దరికీ అలసటే మిగులుతుంది. ఆ నడకలోనే పాఠం చెప్పాలి. ఈ పాఠానికి శాస్త్రబలం ఉంది. అమెరికా మనస్తత్వవేత్త థారన్‌డైక్ 1898లో జంతువులపై చేసిన పరిశోధనలను ప్రకటించాడు. తృప్తినిచ్చిన పనిని జంతువు మళ్లీ చేస్తుందని, ఇవ్వని పనిని క్రమంగా విడిచిపెడుతుందని ఆయన చూపాడు. రష్యా శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్ ఆహారానికి ముందు ఒక శబ్దాన్ని పదేపదే వినిపిస్తే, కొంతకాలానికి ఆ శబ్దం వినగానే కుక్క నోట లాలాజలం ఊరుతుందని నిరూపించాడు. కుక్కల శిక్షణకు ఈ రెండు సూత్రాలే ఆధారం. చెప్పిన పని చేసిన మరుక్షణమే మెచ్చుకోలు గాని, చిన్న తినుబండారం గాని అందాలి. ఆలస్యమైతే ఆ బహుమతి దేనికో కుక్కకు అర్థం కాదు.

కొట్టి నేర్పడం పొరపాటు. దెబ్బలు తిన్న కుక్క భయం నేర్చుకుంటుంది, పాఠం నేర్చుకోదు. భయపడిన కుక్కే ఎక్కువగా కరుస్తుంది. ఏ తప్పూ చేయని తన బిడ్డను కొట్టారని సరమ అనే దేవశుని జనమేజయుని ఎదుటికి వచ్చి నిలదీసిన కథ మహాభారతం ఆదిపర్వంలోనే ఉంది. మూగజీవిని అకారణంగా హింసించరాదని పూర్వులు ఎంత ముందుగా గ్రహించారో దీని వలన తెలుస్తుంది.

నడకను, శిక్షణను ఎలా కలపాలి? మొదటి అయిదు నిమిషాలు మెల్లగా నడవాలి. కుక్క యజమాని ఎడమ ప్రక్కన, తాడు వదులుగా ఉండేటట్లు నడవాలి. అది ముందుకు లాగిన వెంటనే యజమాని ఆగిపోవాలి. తాడు వదులైన తరువాతనే మళ్లీ అడుగు వేయాలి. లాగితే దారి సాగదని కుక్క కొద్ది రోజులలోనే తెలుసుకుంటుంది. తరువాత వడిగా నూరు అడుగులు, నెమ్మదిగా ఇరవై అడుగులు, ఉన్నట్టుండి వెనుకకు మలుపు. ఈ మార్పుల వల్ల కుక్క దృష్టి యజమానిపై నిలుస్తుంది, యజమాని గుండెకూ ఊపిరితిత్తులకూ పని కలుగుతుంది. వీధి మలుపు వచ్చిన ప్రతిసారీ కుక్కను కూర్చోబెట్టాలి. కాస్త చోటున్న దగ్గర దానిని కదలకుండా కూర్చోమని చెప్పి, తాడు చేతిలోనే ఉంచుకొని యజమాని పది గుంజీలు తీయాలి. ఎదుట మనిషి లేస్తూ కూర్చుంటూ ఉన్నా కదలకుండా ఉండడం కుక్కకు గొప్ప పరీక్ష. గుంజీలు మనిషి కాళ్లకు మంచి కసరత్తు. అమెరికా, బ్రిటన్ మొదలైన దేశాలలో ఇటువంటి జంట తరగతులు నడుస్తున్నాయి. బడిలో శిక్షగా పేరు పడిన గుంజీలు ఇక్కడ ఆరోగ్యానికి పనికి వస్తాయి!

ఇక్కడ పెరంబూరు వంటి బహుభాషా పేటలలో ఒక చిక్కు ఉంది. అమ్మ “కూర్చో” అంటుంది. ఆంగ్ల మాధ్యమంలో చదివే అబ్బాయి “సిట్” అంటాడు. ప్రక్కింటి తమిళ మిత్రుడు “ఉట్కార్” అంటాడు. ఈ మూడింటికీ అర్థం ఒకటేనని మనుషులకు తెలుసు. కుక్కకు అవి మూడు వేరువేరు శబ్దాలు. అందువలన ఇంటిల్లిపాదీ ఒకే మాటను, ఒకే చేతి సైగను వాడాలి. “కూర్చో, ఆగు, రా, వదులు, ప్రక్కన” అనే అయిదు మాటలు చాలు. ఇవి పొట్టి మాటలు, ఒకదానితో ఒకటి కలియని మాటలు. శిక్షణకు ఆంగ్లమే కావాలనే నియమం లేదు. ఇంటి భాషే కుక్కకు చాలును.

దీనికి కొందరు అభ్యంతరాలు చెబుతారు. చోటు లేదన్నది మొదటిది. ఆరడుగుల తాడు, నడిచే దారి ఉంటే ఈ పాఠానికి మైదానం అవసరం లేదు. తీరిక లేదన్నది రెండవది. నడకకు కేటాయించిన అరగంటలోనే పాఠం ఇమిడి ఉంది గనుక వేరే సమయం అక్కరలేదు. జీతం ఇచ్చి శిక్షకుని పెట్టుకుంటామన్నది మూడవది. శిక్షకుడు దారి చూపవచ్చు. కాని నేర్పినవాని మాటనే కుక్క ముందుగా వింటుంది. పోలీసు జాగిలాలను చూస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. మధ్యప్రదేశ్‌లోని టేకన్‌పూర్‌లో సరిహద్దు భద్రతా దళం నడిపే కేంద్రం వంటి చోట్ల జాగిలంతో పాటు దానిని నడిపే మనిషి కూడా శిక్షణ పొందుతాడు. ఇద్దరూ జంటగా నేర్చుకుంటారు. నిపుణులకే అది తప్పనప్పుడు ఇంటివారికి తప్పుతుందా?

అయితే వ్యాయామానికి హద్దు ఉంది. మనిషివలె కుక్క ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడం ద్వారానే అది ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. చెన్నై ఎండలో మిట్టమధ్యాహ్నం దానిని పరుగెత్తించడం ప్రాణాపాయం. తారురోడ్డుపై అరచేతి వెనుక భాగాన్ని అయిదు క్షణాలు ఆనించలేకపోతే ఆ రోడ్డు కుక్క పాదాలకు తగదని గ్రహించాలి. పొద్దు పొడవక ముందు, పొద్దు క్రుంకిన తరువాత మంచి వేళలు. ముక్కు చప్పిడిగా ఉండే పగ్ వంటి జాతులు త్వరగా ఆయాసపడతాయి. తెలుగు రాజులు స్థిరపడిన రాజపాళయం పేరు మోసిన వేటకుక్కకు పరుగు పుట్టుకతో వచ్చిన అవసరం. ఆ జాతి బొమ్మతో భారత తపాలా శాఖ 2005లో బిళ్ల విడుదల చేసింది. వీధిలో పుట్టిన నాటుకుక్క కూడా నేర్పితే చక్కగా నేర్చుకుంటుంది, ఈ ఎండను బాగా తట్టుకుంటుంది. వ్యాయామం మొదలుపెట్టే ముందు పశువైద్యునికి చూపడం మంచిది. 1903లో స్థాపితమైన మద్రాసు పశువైద్య కళాశాల పెరంబూరుకు దగ్గరలోనే, వేపేరిలో ఉంది.

అన్నింటికంటె ముఖ్యమైనది తోటివారి క్షేమం. 2024 మే నెలలో చెన్నై నుంగంబాక్కంలోని ఒక ఉద్యానవనంలో రెండు పెంపుడు కుక్కలు అయిదేళ్ల బాలికపై పడి తీవ్రంగా గాయపరచాయి. ఆటస్థలంలోనే ఇటువంటిది జరిగితే పిల్లలను బయటికి పంపడానికి ఏ తల్లికి ధైర్యం చాలుతుంది? కుక్కకు లైసెన్సు తీసుకోవడం, రేబిస్ టీకా వేయించడం, బయట తాడు విడవకపోవడం యజమాని విధులు. చట్టం తాడును పట్టించగలదు గాని, “వదులు” అనగానే వదిలే గుణాన్ని తేలేదు. అది రోజూ నేర్పితేనే వస్తుంది. ఎదురుగా భయపడేవారు వస్తే ప్రక్కకు తప్పుకొని కుక్కను కూర్చోబెట్టడం, అది మలవిసర్జన చేస్తే కాగితంతో ఎత్తివేయడం కూడా ఈ పాఠంలో భాగాలే. కుక్కలంటే ఇష్టం లేనివారికి కూడా వీధిలో నడిచే హక్కు ఉంది.

కుక్కకు క్రమశిక్షణ నేర్పబోయినవాడు ముందుగా తానే వేళకు లేవాలి, మాట మార్చకుండా ఉండాలి, కోపాన్ని అణచుకోవాలి, తప్పక నడవాలి. అంటే శిష్యుని కంటె ముందు గురువే ఆ గుణాలను అలవరచుకుంటాడు. ఊళ్లోకి కుక్కను తెచ్చే ప్రతి కుటుంబమూ రోజుకు అరగంట దాని ప్రక్కన నడవడానికి ఒప్పుకొని తేవాలి. ఆ అరగంట ఇవ్వలేనివారు కుక్కను తేకపోవడమే దానికీ, వీధికీ చేయగల మేలు.