ముందు ఆవును పిండుండ్రి అయ్యగారూ



పోయిన నెల ఒకరోజు ఇంకా చీకటి విడకముందే ఫోన్ మోగింది. మన సంఘంలోని ఒక పెద్దమ్మ కొట్టం దగ్గర జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు రాత్రికి రాత్రే అచ్చంపేట బస్సెక్కి వచ్చాడు. నేను బైబిలు చేతపట్టుకుని వెళ్ళాను. మంచం మీద నుంచే ఆమె అన్న మాట: "అయ్యగారూ, ప్రార్థన తర్వాత చేద్దురు గని, ముందుగాల ఆవును పిండుండ్రి. నిన్న పొద్దటి సంది ఎవ్వలు పిండలే."

కొట్టంలో జెర్సీ ఆవు. పొదుగు రాయిలాగా గట్టిపడింది. అబ్బాయి సర్వ పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. రాత్రంతా ఫోన్లో వీడియోలు చూసి ప్రయత్నించాడట. నాలుగు చుక్కలు వచ్చాయి, తర్వాత ఒక తన్ను వచ్చింది. ప్యాంటు మీద డెక్క గుర్తు ఇంకా అలాగే ఉంది. నేను కూర్చుని పిండాను కానీ ఒక చన్నులోంచి అప్పటికే గడ్డలు గడ్డలుగా, విరిగిన పాలలాంటివి వచ్చాయి. పొదుగువాపు. డాక్టరు వచ్చి మందులు వేశాక కూడా చాలా రోజులు ఆ పాలు కేంద్రానికి పోయలేదు. ఆ చన్ను ఇప్పటికీ పూర్తిగా కోలుకోలేదు. ఒక్క ఆవు మీద నడిచే ఇంట్లో ఇది చిన్న నష్టం కాదు.

ఆ అబ్బాయిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. వాడికి ఎవరూ నేర్పలేదు. "నువ్వు చదువుకో బిడ్డా, పేడ చేతులు నీకెందుకు" అని మనమే అన్నాం. అదే ప్రేమ అనుకున్నాం. నా మాట ఏమిటంటే, ఆవు ఉన్న ప్రతి ఇంట్లో పిండటం వచ్చినవాళ్ళు కనీసం ఇద్దరుండాలి. అందులో ఒకరు మగవాళ్ళయితే ఇంకా మంచిది. మన ఊళ్ళలో పాలు పిండే పని అమ్మల మీద వదిలేసి, పాల బిల్లు తెచ్చుకునే పని మాత్రం అయ్యలు పెట్టుకున్నారు. ఈ మాటకు కొందరికి కోపం వస్తుందని తెలుసు.

పాలు పిండటమంటే లాగటం కాదు. నాకు మా నాయనమ్మ నేర్పింది. ముందు పొదుగు కడిగి తుడవాలి. బొటనవేలు, చూపుడువేలు ఉంగరంలా చేసి చన్ను మొదట్లో బిగించాలి, పాలు తిరిగి పైకి పోకుండా. తర్వాత మిగిలిన వేళ్ళు పైనుంచి కిందికి ఒకదాని తర్వాత ఒకటి మూయాలి. వదలాలి. చన్ను మళ్ళీ నిండుతుంది. బొటనవేలు లోపలికి మడిచి పిండితే ధార బాగానే వస్తుంది కానీ ఆ కణుపు చన్నును లోపల గాయం చేస్తుంది. మొదటి రెండు మూడు ధారలు విడిగా తీసి చూస్తే పొదుగువాపు ముందే తెలుస్తుంది. చివరి ధారలు వదిలేయకూడదు, వెన్న వాటిలోనే ఎక్కువ. కేంద్రంలో వెన్న శాతం చూసే కదా డబ్బులిస్తారు!

అన్నిటికంటే ముఖ్యం చేపు. దూడ నాలుగు సార్లు మూతితో పొడిచి గుడిస్తే, ఆవు మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే రసం రక్తంలోకి వస్తుంది. ఒక నిమిషంలో పాలు దిగుతాయి. దాని బలం కొద్ది నిమిషాలే. ఆలోపు పిండేయాలి. ఆవు బెదిరినా, కొట్టినా, కొత్త మనిషి అరిచినా చేపు ఆగిపోతుంది. "పాలు ఎగబెట్టింది" అని మన పెద్దలు అనేది అందుకే.

ఈ రసాన్ని 1953లో విన్సెంట్ దు విగ్నో అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో తయారుచేశాడు, 1955లో నోబెల్ బహుమతి వచ్చింది. కాన్పుల సమయంలో ఎందరో తల్లుల ప్రాణాలు కాపాడిన మందు అది. అదే మందును దూడ చచ్చిన ఆవుకో, చేపని గేదెకో పూటపూటా సూదిగా పొడిచేవాళ్ళున్నారు. పాలు పెంచడానికి పశువు ఆరోగ్యం చెడేలా ఇలా సూది వేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం నేరం. రెండేళ్ళ దాకా జైలు కూడా ఉంది. చేత్తో, ఓపికతో, దూడతో చేపించడం రానివాడే సూది వెతుక్కుంటాడని నా అభిప్రాయం.

మిషన్ కొనుక్కుంటే పోలా అని యవ్వనస్థులు అడుగుతారు. పది, ఇరవై ఆవులున్న డెయిరీకి సరే. ఒకటి రెండు ఆవులకు అంత ఖర్చెందుకు? పైగా కరెంటు పోయిన పూట ఏం చేస్తారు?

మన పక్కనే అమ్రాబాద్‌లో, నల్లమల అంచున పొడ తూర్పు ఆవులున్నాయి. తెల్లని ఒంటి మీద మచ్చలు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ వీటిని ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. ఇవి బిందెలు నింపే ఆవులు కావు. వాటి పేరు కోడెల వల్ల, దుక్కి ఎద్దుల వల్ల వచ్చింది. అందుకే ఆ కాపరులు పాలలో ఎక్కువ భాగం దూడకే వదిలి, ఇంటికి కావలసినంతే పిండుకుంటారు. ఎంత పిండాలో తెలియడం ఒక విద్య అయితే ఎక్కడ ఆపాలో తెలియడం ఇంకో విద్య. జెర్సీ పెంచే మనకు ఆ రెండోది మరుపుకు వచ్చింది. కోడెదూడ పుడితే దానికి కడుపునిండా పాలిచ్చేవాళ్ళు ఎందరో మీరే లెక్కపెట్టుకోండి.

మొదటి సమూయేలు 6వ అధ్యాయంలో ఫిలిష్తీయులు మందసమును బండి మీద పంపినప్పుడు, కాడి ఎరగని రెండు పాడి ఆవులను కట్టి, దూడలను ఇంట్లో ఉంచేస్తారు. ఆ ఆవులు అరుస్తూనే బేత్షెమెషుకు తిన్నగా నడుస్తాయి. చిన్నప్పుడు మందసం గురించే విన్నాను. ఆ రోజు కొట్టంలో గట్టిపడిన పొదుగు ముట్టుకున్నాక, ఆ అరుపు ఎందుకో అర్థమైంది. పొదుగు నిండి, దూడ వెనకే ఉండి, అడుగు ముందుకే వేయడం ఎంత బాధో పశువులు కాసినవాళ్ళకు చెప్పనక్కరలేదు.

పోయిన శనివారం యవ్వనస్థుల కూడికలో పిండటం వచ్చినవాళ్ళు చేతులెత్తమన్నాను. మూడు చేతులు లేచాయి, మూడూ ఆడపిల్లలవే. కీబోర్డు వచ్చినవాళ్ళు ఎందరంటే వెనక వరుస మొత్తం లేచింది.

పెద్దమ్మ ఒప్పుకున్నారు. వచ్చే సోమవారం నుంచి వారం రోజులు, పొద్దున ఐదింటికి వాళ్ళ కొట్టం దగ్గర. మగపిల్లలు తప్పక రావాలి. గోళ్ళు కత్తిరించుకుని రండి, సెంటు కొట్టుకోవద్దు, ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి. ఇద్దరిద్దరు మాత్రమే లోపలికి. గుంపును చూస్తే ఆవు ఎగబెడుతుంది. ఆ కొడుకు కూడా సెలవు పెట్టి వస్తున్నాడు. తన్నులు మొదటి మూడు రోజులే, తర్వాత దానికి మీ చేయి అలవాటవుతుంది.