పోస్టాఫీసుకు గది ఎవరిస్తారు?

జాక్ తాతి 1946లో తీసిన ‘లెకోల్ దె ఫాక్తర్’ (పోస్ట్‌మ్యాన్ల బడి) పావుగంట సినిమా. పెద్ద తారల్లేరు, పెద్ద సెట్లు లేవు. ముగ్గురు పల్లెటూరి పోస్ట్‌మ్యాన్లు కదలని సైకిళ్లెక్కి, ఉత్తరం తీయడం, అందించడం, మళ్లీ తొక్కడం డ్రిల్లులా నేర్చుకుంటారు. ఎయిర్‌మెయిల్ విమానం ఎగిరేలోగా బట్వాడా ముగియాలి మరి! అందులో ఒకడు ఆ పాఠాన్ని ఊళ్లో అమలు చేయబోయి నానా తిప్పలు పడతాడు. ఆ పాత్ర తాతిదే. నవ్వు మాత్రం అతని పేదరికం మీద పడదు, నిమిషాలు లెక్కపెట్టే శాఖ మీద పడుతుంది. అటెండరు యాసనీ ఒంటి రంగునీ చూపించి నవ్వించే మన కామెడీకి ఇది ఇంకా చేతకాలేదు.

ఇలాంటి సినిమా చూసి ‘ఆ రోజుల్లో పోస్ట్‌మ్యాన్’ అని నిట్టూర్చేవాళ్లతోనే నా పేచీ. మన పల్లెల్లో ఉత్తరాలు పంచేది గ్రామీణ డాక్ సేవకులు. ఒకప్పటి పేరు ‘ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్’, అంటే శాఖకు అదనపు మనుషులు. వీళ్లవి సివిల్ పోస్టులేనని సుప్రీంకోర్టు 1977లోనే రాజమ్మ కేసులో చెప్పింది. అయినా రెగ్యులర్ ఉద్యోగుల జీతం లేదు. రోజుకు నాలుగైదు గంటల లెక్కన భత్యం ఇస్తారు. 2018లో దేశమంతా సమ్మెకు దిగింది ఊరికే కాదు.

అన్నిటికంటే విడ్డూరమైన నిబంధన ఇంకోటుంది. బ్రాంచ్ పోస్ట్‌మాస్టరుగా ఎంపికైనవాళ్లే పోస్టాఫీసుకు గది చూపించాలి. పదో తరగతి మార్కులతో, రిజర్వేషన్‌తో ఉద్యోగం తెచ్చుకున్న ఒక మాదిగ అమ్మాయి పొరుగు జిల్లా నుంచి వచ్చిందనుకోండి. ఊరి నడిబొడ్డున అద్దెకు అడగాలి. ‘మీరేమిట్లు?’ అన్న ప్రశ్న దాటాకే అద్దె మాట. వాడలో పెడితే ఊరు మెట్టు దిగి రాదు. ఊళ్లో అడిగితే గది ఖాళీ ఉండదు. రాజ్యాంగం ఇచ్చిన హక్కు మెరిట్ లిస్టు దాకా వచ్చి ఇంటాయన గుమ్మం దగ్గర ఆగిపోతుంది. శాఖకు మాత్రం అది ఆమె సొంత సమస్య.

గది శాఖే చూపించాలి, అద్దె శాఖే కట్టాలి. ఈ డిమాండును తపాలా యూనియన్లకే వదిలేయకూడదు, దళిత విద్యార్థి సంఘాలూ ఎత్తుకోవాలి.

ఇందులో మంచి కామెడీ కూడా ఉంది. తాతి పోస్ట్‌మ్యాన్‌కి విమానం అందాలి, మన అమ్మాయికి గది దొరకాలి. ఫోన్ కెమెరా ఉన్న ఏ విద్యార్థి అయినా తీయొచ్చు. నవ్వు ఆమె మీద పడకుండా, అడగ్గానే నీళ్లు నమిలే ఇంటాయన మీద పడితే చాలు. డైలాగులు కూడా రాయక్కర్లేదు. ఖాళీ గదులున్న నాలుగిళ్ల తలుపు తడితే వాళ్లే చెప్తారు.